బొండం మర్యాద

పెనుమూడి రేవులో ప్రకాశం పడవెక్కిన ప్రతిసారీ, పడవ నడిపే లాజరు అతన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసుకునేవాడు. తెల్లచొక్కా, నల్లప్యాంటు, పాలిష్ చేసిన బూట్లు, మెడకి టై, జేబు మీద నల్లటి ప్లాస్టిక్ బిళ్ళ. తొంభై నాలుగో సంవత్సరం ఆగస్టు నెల, కృష్ణ ఒడ్డున పిసరంత గాలి లేదు. ఆ ఉక్కలో టై బిగించుకుని లంకకి పోయేవాడు మందుల కంపెనీవాడైనా కావాలి, మతి లేనివాడైనా కావాలి. అతని వెనకే అచ్చం అదే వేషంలో ఇంకొకడు ఎక్కేవాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకుండా అవతలి ఒడ్డు చూస్తూ పోయేవాళ్ళు. ఆస్తి పంపకాల దగ్గర తగువుపడి వస్తున్న అన్నదమ్ములేమో అనుకున్నాడట లాజరు.

అన్నదమ్ములూ కాదు, ఆస్తీ లేదు. ఇద్దరూ అమెరికాలో పుట్టిన మార్మన్ అనే క్రైస్తవ సంఘం తరఫున సేవకి వచ్చిన కుర్రాళ్ళు. ఆ సంఘంలో మగపిల్లాడికి వయసొచ్చాక రెండేళ్ళపాటు ఇల్లూ వాకిలీ వదిలి, పంపిన చోటికి పోయి, చెప్పిన పని చెయ్యాలి. ప్రకాశానికి ఇరవై ఒకటి. ఊరు రాజమండ్రి దగ్గర కడియం. వాళ్ళ నాన్న ఆ సంఘంలో చేరేనాటికి ఇతను ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. బెంగుళూరు ఆఫీసువాళ్ళు రేపల్లె పొమ్మన్నారు, వచ్చాడు. రెండోవాడు సెల్వరాజ్, తిరునల్వేలి పక్క పల్లెటూరివాడు. అతనికి తెలుగు ముక్క రాదు, ఇతనికి తమిళం రాదు. మధ్యలో ఇంగ్లీషు ఉంది గానీ, అది ఇద్దరికీ పండగ బట్టల్లాంటిది. రోజూ వాడుకోవడానికి పనికొచ్చేది కాదు.

ఇక నియమాలంటారా, వాటికో తెల్ల పుస్తకమే ఉంది, చొక్కా జేబులో పట్టేంత. ఎక్కడికి పోయినా ఇద్దరూ కలిసే పోవాలి. సినిమా చూడకూడదు. ఇంటికి ఉత్తరం సోమవారమే రాయాలి, ఫోను ఏడాదికి రెండుసార్లే చెయ్యాలి. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప తాగకూడదు, ఎందుకంటే ఇదివరకు వచ్చినవాళ్ళలో ఇద్దరికి పచ్చకామెర్లు వచ్చాయి. ఈత కొట్టకూడదు. గోదావరి కాలవలో చేపపిల్లలా పెరిగినవాడికి చుట్టూ కృష్ణ, దిగువన సముద్రం, దిగడానికి మాత్రం లేదు. ఒక సోమవారం సెలవని ఇద్దరూ బాపట్ల పోయి, సూర్యలంక ఒడ్డున బూట్లు విప్పకుండా కూర్చుని, వేరుశనక్కాయలు తిని, మళ్ళీ బస్సెక్కి వచ్చేశారు. అంత సముద్రం చూసి అంత నీరసంగా తిరిగొచ్చినవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

ఇంకో నియమం, ఒకళ్ళనొకళ్ళు సొంత పేరు పెట్టి పిలుచుకోకూడదు. ముందు ఎల్డర్, తరవాత ఇంటిపేరు. జేబు మీద బిళ్ళలో ఉన్నదీ అదే, తెలుగక్షరాల్లో, ఎల్డర్ పసుపులేటి అని. ఎల్డరంటే పెద్ద అని అర్థం. మీసం కూడా సరిగ్గా రాని పెద్ద! కడియం వదిలాక ప్రకాశం అన్న పిలుపు అతను కలలో తప్ప వినలేదు.

ఆదివారం తెనాలిలో మేడ మీద అద్దెగదిలో ప్రార్థన. వీళ్ళిద్దరితో కలిపి పదకొండుమంది. వర్షమొస్తే ఏడుగురు. మిగతా రోజులు రేపల్లెలో ఎండలో తిరగడం. ఎవరూ అడక్కుండా మతం మాట ఎత్తొద్దని ఆఫీసువాళ్ళు గట్టిగా చెప్పారు, అందుకని పిల్లలకి ఇంగ్లీషు చెబుతామని తిరిగేవాళ్ళు. సాయంత్రం గదికొస్తే సెల్వరాజ్ గోడవైపు తిరిగి పడుకునేవాడు. ప్రకాశం ఫ్యానుకేసి చూస్తూ, ఇవాళ తనతో ఎవరెవరు ఏమేం మాట్లాడారో గుర్తుచేసుకునేవాడు. మెస్సులో వడ్డించే ఆయన “ఇంకో గరిటె వెయ్యమంటారా” అన్నాడు. పోస్టాఫీసులో “స్టాంపు సరిగ్గా అంటించండి” అన్నారు. అంతే, రోజు మొత్తానికి. మన ఊళ్ళల్లో దారినపోయే దానయ్యని కూడా అన్నం తిన్నావా అని అడుగుతారు. ఇతన్ని అడిగేవాళ్ళు లేరు. ఇరవై నెలలు ఇంకా ఉన్నాయి. ఒక్క ఇల్లు, ఒకే ఒక్క ఇల్లు, లోపలికి పోయి పీట వాల్చుకుని కూర్చోగలిగింది దొరికితే చాలు, మిగతాదంతా ఎలాగో గడిపేస్తానని దేవుడికి మొక్కుకున్నాడు. అడిగింది అంతే.

ఆ ఇల్లు లంకలో దొరికిందనుకున్నాడు.

లంకకి కాగితాల్లో ఏదో పేరుంది గానీ అందరూ లంకనే అంటారు. చుట్టూ కృష్ణ. ఎగువన రైతుల ఇళ్ళు, అరటితోటలు, కంద చేలు. దిగువన, వరద మొదట ఎక్కే చోట, పేట. పేటలో అందరూ లూథరన్లు, అందరూ ఆ తోటల్లో కూలికి పోయేవాళ్ళే. పెంకుటి చర్చి అరుగు మీద బుధవారం, శనివారం పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి ఒప్పుకున్నారు. చర్చి పక్కిల్లే కృపమ్మది. యాభై అయిదేళ్ళు, భర్త పోయాడు, కూతురు కరుణని పొన్నూరు ఇచ్చింది. ఒక్కర్తే వండుకుని ఒక్కర్తే తింటుంది. మొదటిరోజే ఎదురొచ్చి వందనాలు చెప్పి, ముందే ఒక మాట తేల్చేసింది. తను లూథరన్‌లో పుట్టింది, లూథరన్‌లోనే పోతుంది, ఆ సంగతి ఎత్తొద్దు. కానీ ఎండనపడి వచ్చారు, కూర్చోండి.

చర్చిలోంచి కుర్చీలు తెప్పించి వాకిట్లో వేసింది. పక్కింట్లో పాలడిగి తెచ్చి టీ కాచింది. స్టీలు గ్లాసులో పోసి, కొంగుతో పట్టుకుని తెచ్చింది. గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా కృపమ్మ అని పేరు చెక్కించి ఉంది. ఇంట్లో అదే మంచి గ్లాసని చూస్తేనే తెలుస్తోంది.

మార్మన్లు టీ, కాఫీ ముట్టరు. సారా, పొగాకు ఎంతో ఇవీ అంతే. అయితే మొదటిరోజే మన నియమాలు ఏకరువు పెట్టి ఎదుటివాళ్ళని తప్పుపట్టినట్టు మాట్లాడొద్దని పెద్దలు చెప్పి పంపారు. అందుకని ప్రకాశం నవ్వుతూ, “వద్దండీ, మేం తాగం” అన్నాడు. పోనీ మంచినీళ్ళు తెమ్మంటారా అంది. “ఉన్నాయండీ” అని బ్యాగులోంచి సీసా తీసి చూపించాడు, ఆవిడకి శ్రమ తప్పించినందుకు సంతోషపడుతూ.

కృపమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. తరవాత వంగి, అతని జేబు మీది బిళ్ళని కూడబలుక్కుని చదివింది.

“పసుపులేటోరా అయ్యగారూ?”

“అవునండి” అన్నాడు. తన బిళ్ళ ఒక మనిషి చదవడం అదే మొదలు, మొహం చేటంత అయింది. ఆవిడ గ్లాసు లోపలికి తీసుకుపోయింది.

శనివారం వెళ్ళేసరికి కృపమ్మ ఒక మనిషిని చెట్టెక్కించి కొబ్బరి బొండాలు దింపించింది. ప్రకాశం కళ్ళముందే కత్తితో చెక్కించి, కన్ను తెరిపించి, ఆ మనిషి చేతే అందించింది. లేత నీళ్ళు, తియ్యగా ఉన్నాయి. ప్రకాశం గడగడా తాగేసి, ఇలాంటి బొండం కోనసీమలో కూడా తాగలేదన్నాడు. ఆవిడ తల పంకించింది. అదిగో, ఆ రోజునుంచి బుధవారం ఒకటి, శనివారం ఒకటి. నియమం తప్పలేదు.

సోమవారం ఇంటికి ఉత్తరం రాశాడు. ఇక్కడ నాకో అమ్మ దొరికింది, నాకోసం చెట్టెక్కించి మరీ బొండాలు కొట్టిస్తుంది, అయ్యగారూ అయ్యగారూ అని ఎంత మర్యాదో, నువ్వేం దిగులు పెట్టుకోకు అని. మన క్రైస్తవుల్లో పాస్టరుని అయ్యగారూ అనడం మామూలే కాబట్టి ఆ పిలుపు గురించి రెండో ఆలోచన రాలేదు అతనికి.

ఒక్కటి మాత్రం ముల్లులా గుచ్చుకునేది. వెళ్ళిన రెండోరోజే సెల్వరాజ్ కుర్చీలోంచి లేచి, సీసాలో నీళ్ళున్నా సరే, “అమ్మా” అంటూ పెరట్లోకి నడిచి, సైగలు చేసి, వంటింటి కుండలోంచి నీళ్ళు ముంచుకు తాగాడు. నియమం తప్పాడని ప్రకాశానికి ఒళ్ళు మండింది. మూడోసారికి సెల్వరాజ్ పెరట్లో గోంగూర వలుస్తున్నాడు. నాలుగోసారికి కంచం ముందు కూర్చున్నాడు. వాకిట్లో కుర్చీలో, పోస్టరు మీద బొమ్మలా, ప్రకాశం బొండం పట్టుకుని కూర్చుంటే, లోపల్నించి ఎండుచేపల పులుసు వాసనా, ఇద్దరి నవ్వులూ వచ్చేవి. భాష రానివాడితో ఆవిడకి అన్ని నవ్వులేంటో! తనకి తెలుగంతా వచ్చు. తనతో మాత్రం “వందనాలు అయ్యగారూ”, “వెళ్ళిరండి అయ్యగారూ”, ఆ రెండే.

నాకు బొండం, వాడికి ఉత్త అన్నం అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. బొండమే ఎక్కువ మర్యాద కదా. కానీ ఆకలి మర్యాదని ఒప్పుకోదు. పులుసు వాసన వచ్చినప్పుడల్లా కడుపులో కన్నా గుండెలో ఎక్కువ నకనకలాడేది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అయ్యగారూ మీరూ తినండి అంటుందేమోనని సెప్టెంబరంతా చూశాడు. అక్టోబరంతా చూశాడు. అనలేదు.

నవంబరులో ఎన్నికలొచ్చాయి. ఒక శనివారం వీళ్ళు పాఠం చెప్పి లేచేసరికి మైకులు కట్టిన రెండు పడవల్లో పార్టీవాళ్ళు దిగారు. పోటీకి నిలబడ్డ పెద్దమనిషి పేట మొత్తం తిరిగాడు. ముసలమ్మల చేతులు పట్టుకున్నాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు. చెమటలు కారుతుంటే చర్చి ముందు కుర్చీ వేశారు. ఎవరూ ఏమీ అడగలేదు. చెట్టెక్కించారు, ఆయన కళ్ళముందే బొండం చెక్కించారు, ఇచ్చారు. ఆయన గడగడా తాగేసి, ఇలాంటి నీళ్ళు ఎక్కడా తాగలేదని మెచ్చుకుని, దణ్ణం పెట్టి పోయాడు. ప్రకాశం వాకిట్లో తన కుర్చీలో, తన బొండంతో కూర్చుని అదంతా చూశాడు.

తిరుగు పడవలో ఊసుపోక లాజరుని అడిగాడు, అంత ఎండలో ఆయనకి ఒక్కళ్ళూ మంచినీళ్ళివ్వలేదేంటని.

లాజరు గెడ వేస్తూ నవ్వాడు. “ఆయన మా పేటలో మంచినీళ్ళు ఎట్టా తాగుతాడండీ? బొండమైతే దేవుడు మూతేసి పంపిన నీళ్ళు. మా చెయ్యి తగల్దు, మా గిన్నె తగల్దు. వచ్చే పెద్దోళ్ళందరికీ అదే మర్యాద. తమరికీ అంతేగా అయ్యగారూ.”

వెటకారం లేదు ఆ గొంతులో. వాన పడుద్దనో, నీరు తగ్గిందనో చెప్పినట్టు చెప్పాడు. ప్రకాశం పక్కకి తిరిగి సెల్వరాజ్‌కేసి చూశాడు. సెల్వరాజ్ నీళ్ళకేసి చూస్తున్నాడు.

చూశారా, ఎంత పని జరిగిందో! ఎక్కడో అమెరికాలో పెద్దమనుషులు చొక్కా మీద ఇంటిపేరు రాసుకుంటే గౌరవంగా ఉంటుందనుకున్నారు. టీ ఒంటికి మంచిది కాదనుకున్నారు. నీళ్ళు కాచుకోమన్నారు. మూడూ మంచిమాటలే. ఆ మూడూ కలిపి లంకలో పేటకి తీసుకొస్తే ఏమయింది? ఆ లంకలో సగం అరటితోటలు పసుపులేటి వాళ్ళవి. వాళ్ళ తోటలో పొద్దున్నుంచి వంగి కలుపు తీసి వచ్చిన మనిషి ఇంట్లో, ఆ ఇంటిపేరు బిళ్ళగా తగిలించుకున్నవాడు వచ్చి కూర్చుని, నీ టీ తాగను, నీ నీళ్ళూ తాగను, నా సీసా నేను తెచ్చుకున్నాను అన్నాడు. ఆవిడకి ఇంకేం విడమర్చి చెప్పాలి?

ఆ సాయంత్రం గదిలో ప్రకాశం మొదటిసారి తనంతట తను సెల్వరాజ్‌ని కదిపాడు. విరిగిన ఇంగ్లీషులో, సగం సైగల్లో, నీకు ముందే తెలుసా అని అడిగాడు. తెలుసన్నాడు సెల్వరాజ్, మొదటి బొండానికే తెలుసు. నీకూ తెలుసనుకున్నాను, అంత సంతోషంగా తాగితే ఏమనుకోను అన్నాడు. గోడవైపు తిరిగినవాడు మళ్ళీ ఇటు తిరిగాడు. వాళ్ళ నాన్న ఊళ్ళో టీకొట్టు దగ్గర బయటే నిలబడేవాడట. ఆయనకి కొబ్బరి చిప్పలో పోసేవాళ్ళు. మా నాన్నకి చిప్ప, నీకు బొండం అన్నాడు. నాలుగు నెలలుగా అతను గోడవైపు తిరిగి పడుకున్నది తెలుగు రాక కాదు.

ప్రకాశానికి చిన్ననాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. కడియంలో వాళ్ళ నాయనమ్మ రాఘవమ్మ పశువుల పాక చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉంచేది, కూలివాళ్ళకి. దాహం వేసినవాళ్ళు ఆ గ్లాసు తీసుకుని దూరంగా నిలబడితే పైనుంచి నీళ్ళు పొయ్యాలి, చెంబు తగలకూడదు. ఎనిమిదేళ్ళప్పుడు ఆ పోసే పని ప్రకాశానిది. ఒలక్కుండా పోస్తాడని నాయనమ్మ మెచ్చుకునేది. నాన్న సంఘం మారాక ఆ గ్లాసు ఏమయిందో ఎవరూ పట్టించుకోలేదు, కొత్త దేవుడితో పాత గ్లాసులన్నీ పోయాయనే అనుకున్నారు. సిగ్గుతో అతనికి ఆ రోజు నిద్రపట్టలేదు.

బుధవారం వెళ్ళి అంతా చెప్పేద్దామనుకున్నాడు. బుధవారానికి వాయుగుండం పట్టింది. పడవలు కట్టేశారు. శనివారమూ లేవు, ఆ పై బుధవారమూ లేవు. రేపల్లె గదిలో కిటికీ దగ్గర నిలబడి ఏం చెప్పాలో లోపల్లోపల వల్లించుకున్నాడు. డిసెంబరు మొదటివారంలో వాన తెరిపిచ్చింది. ఆ మర్నాడే ఇంటివాళ్ళ ఫోనుకి బెంగుళూరు నుంచి కబురొచ్చింది, ఎల్డర్ పసుపులేటిని కోయంబత్తూరు మార్చామని, రేపు పొద్దున్న బండికి తెనాలి వెళ్ళి అక్కణ్ణించి బయల్దేరాలని. సెల్వరాజ్ ఇక్కడే ఉంటాడు.

మిగిలింది ఒక్క మధ్యాహ్నం. సామాను సర్దుకోవాల్సిన వేళలో ఇద్దరూ పెనుమూడి రేవులో ఉన్నారు. లాజరు రెండో ఖేపుకి మళ్ళీ వస్తానని, కేకేస్తే రావాలని చెప్పి దింపాడు.

కృపమ్మ ఇంట్లో లేదు. వాకిట్లో కుర్చీ వెయ్యడానికి ఎవరో పరిగెత్తబోతే ప్రకాశం వద్దని, బూట్లు విప్పి, చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళి వంటింటి గడప దగ్గర నేలమీద కూర్చున్నాడు. సెల్వరాజ్ కొంచెం ఎడంగా గట్టు మీద కూర్చున్నాడు. కృపమ్మ కట్టెలమోపుతో వచ్చింది. అతన్ని అక్కడ చూసి మోపు దించడం కూడా మర్చిపోయింది.

“ఇక్కడ కూర్చున్నారేంటి అయ్యగారూ, బురద. ఉండండి, బొండం దింపిస్తా.”

“బొండం వద్దండీ. అన్నం పెట్టండి.”

ఆవిడ మోపు దించి, చేతులు దులుపుకుని, అతనికేసి కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ప్రకాశం వల్లించుకున్నదంతా చెప్పాడు. తమ సంఘంలో టీ ఎవరూ తాగరని, సీసా నీళ్ళు జబ్బుల భయానికని, ఇంటిపేరు బిళ్ళ తను పెట్టుకున్నది కాదని, తన మనసులో అలాంటిదేదీ లేదని. చెబుతుంటే అతనికే తెలుస్తోంది, కోర్టులో సాక్షి చెప్పినట్టుందని.

కృపమ్మ అంతా విన్నది. తరవాత నెమ్మదిగా అంది.

“ఈ అబ్బాయీ టీ తాగడు. రెండోనాడే చెయ్యూపి చెప్పాడు. కానీ దాహమేస్తే నా కుండ దగ్గరికి తనే వచ్చాడు. నాలుగు నెల్లయింది మీరు రాబట్టి. ఒక్కనాడు ఈ గడప తొక్కారా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేనెవర్ని మీకు, అడక్కుండా పెట్టడానికి? పెట్టాక మీరు చెయ్యి ముడుచుకుంటే నేనేమైపోవాలి?”

అది నిజం. ఆవిడ పిలవలేదని నాలుగు నెలలు కుమిలిపోయాడే గానీ, తను నోరు తెరవొచ్చని అతనికి తట్టనేలేదు. కూర్చుంటే తెచ్చి ఇస్తారు, అది పుట్టినప్పటి నుంచీ అలవాటు. ప్రకాశం తల వంచుకుని నాయనమ్మ గ్లాసు సంగతి చెప్పాడు. చూరులో దోపి ఉండేదని, నీళ్ళు పోసింది తనేనని, ఒలక్కుండా పోసేవాణ్ణని. ఆ మాట దగ్గర ఇరవై ఒక్కేళ్ళ పెద్ద వెక్కి వెక్కి ఏడ్చాడు.

కృపమ్మ ఓదార్చలేదు. పోనీలెండి అని కూడా అనలేదు. ఏడుపు అయ్యేదాకా ఆగి, “కాళ్ళు కడుక్కుని రా” అంది.

కుండలోంచి నీళ్ళు ముంచి ఆ చుక్కల పేరున్న గ్లాసులో ఇచ్చింది. ఎత్తిపట్టి తాగబోయి, ఆగి, మూతి ఆనించి తాగాడు. వేడన్నం, వంకాయా ఎండురొయ్యల కూర, నిన్నటి గోంగూర పచ్చడి. సెల్వరాజ్ తన పీట జరిపి చోటిచ్చాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ప్రకాశం తలెత్తలేదు.

“నీ పేరేంటి?” అంది కృపమ్మ. “బిళ్ళ మీదది కాదు. మీ అమ్మ పిలిచేది.”

“ప్రకాశం.”

“ప్రకాశం” అని తనూ ఒకసారి అనుకుంది. “శనివారం పెందలాడే రా ప్రకాశం. నీరు తేరింది, చేపలు పడతాయంటున్నారు. పులుసు పెడతా.”

ప్రకాశం చెయ్యి కంచంలో ఆగిపోయింది. సెల్వరాజ్ కూడా తినడం ఆపేశాడు. అతనికి మాటలు అర్థంకాలేదు గానీ శనివారం అన్నది తెలిసింది. చెప్పక తప్పదు, ప్రకాశం చెప్పాడు. రేపు పొద్దున్న బండి అని, కోయంబత్తూరని, మళ్ళీ ఇటు పంపరని.

ఆవిడ పొయ్యిలో కట్టె ఎగదోసింది. క్రిస్మస్ పండక్కి వీళ్ళిద్దరికీ అరిసెలు వండుదామని బియ్యం తీసిపెట్టానని, అయ్యగారు తినకపోయినా డబ్బాలో పెట్టి పంపుదామనుకున్నానని, ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. “వచ్చినన్నాళ్ళూ వాకిట్లో కూర్చుని, పోయేముందు వచ్చావా లోపలికి” అంది. అది కోపమే. కోపం రాదూ మరి?

తరవాత అన్నం గిన్నె ముందుకి లాక్కుంది. మిగిలిన కూరంతా అందులో వేసి, చేత్తో గట్టిగా కలిపింది. పెద్ద ముద్ద చేసి, “చెయ్యి పట్టు” అంది. ప్రకాశం కంచం పక్కన పెట్టి అరచెయ్యి చాపాడు.

“ఇది ఆగస్టుది” అంది. తిన్నాడు. ఇంకో ముద్ద చేసింది. “ఇది సెప్టెంబరుది.” అది కూడా తిన్నాడు. అక్టోబరుది అంతకన్నా పెద్దగా చేసింది, ఆ నెల్లో నువ్వు చిక్కిపోయావని నేను చూశాను, పెట్టడానికి చెయ్యి రాలేదంటూ. నాలుగోది, నవంబరుది, అతను బుగ్గలోనే ఉంచుకున్నాడు. “మింగు. సగం నెల వానల్లోనే పోయింది, ఇది చిన్నదేలే” అంది.

రేవు వైపునుంచి లాజరు కేక వినపడింది. గిన్నె అడుగున ఒక ముద్దకి సరిపడా ఉంది. సెల్వరాజ్ పండక్కి ఇక్కడే ఉంటాడు, అతనికి అప్పుడు పెడుతుంది. కృపమ్మ గిన్నెలోదంతా ఊడ్చి, గుండ్రంగా చేసి, ప్రకాశం చేతిలో పెట్టి, అతని వేళ్ళు తన వేళ్ళతో మూసింది.

“ఇది పండగది. ముందే పెడుతున్నా.”

లాజరు రెండోసారి కేకేశాడు. ముగ్గురిలో ఎవరూ లేవలేదు.